నిశానీకి ఉన్న విలువ మా అప్ప ఫోనుకి లేదా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈమధ్య మీ పేపర్ జిల్లా పేజీలో ఒక ఫొటో చూసేను. దివ్యాంగులకి మూడు చక్రాల బళ్ళు, చెవి మిషన్లు, టచ్ ఫోన్లు పంచుతున్న ఫొటో. స్టేజీ మీద పెద్దలు పదిమంది నిలబడి ఉన్నారు, ఫోను అందుకున్న కుర్రాడు మాత్రం ఫొటోలో సగమే పడ్డాడు. మంచి పనే, పంచొద్దని నేననడం లేదు. కానీ ఆ కుర్రాడు రేపు ఆ ఫోను పట్టుకుని ఏ ఆఫీసుకో వెళ్ళి దాంతో మాట్లాడితే వినేవాడు ఉన్నాడా అని నాకు డౌటొచ్చి ఈ ఉత్తరం రాస్తన్నాను. కొంచెం పొడుగైపోయింది, చోటు లేకపోతే కోసుకోండి, సెక్షన్ నెంబర్లు ఉన్న చోట మాత్రం కొయ్యకండి, ఎవరికైనా పనికొస్తాయి.

నేను డాక్యుమెంట్ రైటర్ని. మన శ్రీకాకుళం జిల్లాలోనే ఒక రిజిస్ట్రారాఫీసు ఎదురుగా నా బల్ల. ఏ ఆఫీసో రాయను, రేపు పొద్దున్న మళ్ళీ అక్కడికే వెళ్ళాలి కదా. 1998లో ఆఫీసుల్లోకి కార్డ్ అని రిజిస్ట్రేషన్లు చేసే కంప్యూటర్లు వచ్చినప్పుడు ఇంక లేఖరుల పనైపోయిందన్నారు, నేను సరిగ్గా ఆ మరుసటేడే పనిలోకి దిగేను, ఇంకా ఇక్కడే ఉన్నాను. ఇన్నేళ్ళలో వికలాంగులెవరైనా వస్తే నేను మొట్టమొదట అడిగే మాట ఒకటే, "కూడా ఎవరొచ్చేరు?" అని. వీల్‌చైర్లో మనిషి నా ముందే ఉంటాడు, నేను వెనకాల తోసేవాడి మొహం చూసి మాట్లాడతాను. అది తప్పని నాకు ఇంట్లో తగిలేదాకా తెలీలేదు.

మా అప్పకి, అంటే మా అక్కకి, యాభై ఒకటి. సెరిబ్రల్ పాల్సీ. చేతులు, కాళ్ళు, నాలుక ఆవిడ చెప్పినట్టు వినవు. ఈ జబ్బులో కొందరికి బుద్ధి మీద కూడా దెబ్బ పడతాది, కొందరికి పడదు, మా అప్పకి పడలేదు. బళ్ళోకి పంపలేదు, నేను గట్టిగా చదువుతుంటే పక్కన కూర్చుని అక్షరాలు నేర్చేసుకుంది, నాకంటే ముందు. మాట్లాడితే ఇంట్లో వాళ్ళకే సగం అర్థమవుతాది, బయటివాళ్ళకి అదీ లేదు. లాక్‌డౌన్ టైములో మా అబ్బాయి పాత ఫోన్లో తెలుగు కీబోర్డు పెట్టి, రాసింది పైకి చదివే యాప్ ఒకటి వేసిచ్చేడు. కుడిచెయ్యి మధ్యవేలు మెటికతో నొక్కుతాది. రెండక్షరాలు కొడితే మిగతా పదం ఫోనే చూపిస్తాది కాబట్టి ఇప్పుడు ఒక వాక్యం నిమిషంలో వస్తాది, మొదట్లో ఐదు నిమిషాలు పట్టేది. రోజూ వాడే మాటలు సేవ్ చేసుకుంది, "నాకు వినపడతాది అరవకు" అనేది ఒకటి, "ఆగు రాస్తన్నాను" అనేది ఇంకొకటి. ఆ యాప్ గొంతు మన వైపు గొంతు కాదు, టీవీలో వార్తలు చదివినట్టు ఉంటాది, "బేగ రా" అని కొడితే "బేగ"ని సాగదీసి చదివి మాకు నవ్వొస్తాది. అయినా అది మా అప్ప మాట.

నాన్న పోయి రెండేళ్ళు. అమ్మ అంతకుముందే పోయింది. ఉద్దానం వైపు ఎకరం పది సెంట్ల తోట, ఒక ఇల్లు, వారసులం ముగ్గురం, నేను, తమ్ముడు, అప్ప. మేమిద్దరం ఏమనుకున్నామంటే, అప్పని ఎలాగూ మేమే చూసుకుంటాం కదా, ఆవిడ పేరున భూమి ఉంటే ఏం చేసుకుంటాది, హక్కు విడుదల, అంటే తన వాటా మాకు వదిలేసినట్టు, రాయించేస్తే కాయితాలు క్లియర్‌గా ఉంటాయని. దురుద్దేశం లేదండీ, నిజంగా. కానీ ఆ డాక్యుమెంటు రాసింది నేనే, ఆస్తి వచ్చేది నాకే, పైగా అందులో మామూలుగా మేం రాసే వాక్యం కూడా ఉంది, "నా స్వబుద్ధితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా ఇష్టపూర్వకంగా" అని. వేల కాయితాల్లో రాసేను ఆ వాక్యం. ఆవిడని ఒక్క ముక్క అడక్కుండా ఆవిడ స్వబుద్ధి గురించి నేను రాసేసేను.

ఆఫీసులో సారు అప్పని చూసి నన్నడిగేరు, ఈవిడకి మాటొస్తాదా అని. నేను జవాబు చెప్పేలోపు ఫోను అంది, "ఆగు రాస్తన్నాను." అక్కడున్నవాళ్ళు నవ్వేరు. అప్ప రాస్తానే ఉంది, సారు ఆగలేదు, మాట రాని మనిషి దగ్గర రిజిస్ట్రేషన్ చేస్తే రేపు కోర్టులో నా మెడకి చుట్టుకుంటాది, గార్డియన్ ఆర్డర్ పట్రండి అని ఫైలు పక్కన పెట్టేరు. ఆటోలో తిరిగొస్తుంటే అప్పుడు చదివింది ఫోను, అప్ప అక్కడ రాస్తున్న వాక్యం పూర్తిచేసుకుని: "తిత్లీ తర్వాత నాన్న పెట్టిన మొక్కల వైపు ముక్క నాకు కావాలి. ఇల్లు మీరిద్దరూ తీసుకోండి." ఆటో డ్రైవర్ వెనక్కి తిరిగి చూసేడు.

ఉద్దానం వాళ్ళకి తిత్లీ తుఫానంటే చెప్పక్కర్లేదు. 2018 అక్టోబర్ 11 తెల్లారేసరికి కొబ్బరి, జీడి చెట్లు నేలమీద ఉన్నాయి. ఆ మరుసటేడు నాన్న మళ్ళీ మొక్కలు వేసినప్పుడు గట్టు మీద మంచమేసుకుని కూర్చుంది అప్పే. ఇప్పుడిప్పుడే కాపుకొస్తన్నాయి. అంటే సెంటిమెంట్ ఒక్కటే కాదు, లెక్క కూడా ఉంది ఆవిడకి, పాత ఇంటికంటే ఆ ముక్కే విలువ. నాకు కోపమొచ్చిందని ఒప్పుకుంటాను. వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

అప్పుడు గార్డియన్ ఆర్డర్ కోసమే బయల్దేరేను. నేషనల్ ట్రస్ట్ చట్టం అని 1999లో వచ్చింది, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్ళకి పద్దెనిమిదేళ్ళు దాటేక గార్డియన్ని జిల్లా కలెక్టర్ గారు ఉండే లోకల్ లెవెల్ కమిటీ నియమిస్తాది. ఆ ఫారం ఎలా నింపాలో కనుక్కుందామని జిల్లా న్యాయసేవల ఆఫీసుకి వెళ్ళేను. వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు, 1987 చట్టం సెక్షన్ 12లోనే ఉంది, 15100కి ఫోన్ చేసినా చెప్తారు, మన వైపు చాలామందికి ఇది తెలీదు. అక్కడ ఒక లాయరమ్మ నా మాటంతా విని, మీ అప్పగారికి చేతకానిది ఏటండీ, చెప్పడమా, ఆలోచించడమా అంది. చెప్పడమే అన్నాను. ఆవిడ ఫోన్లో చెప్తందంటున్నారు కదా మరి అంది. నేను గుమ్మం దగ్గర చెప్పులేసుకుని బయటికొచ్చేసేను, మళ్ళీ లోపలికెళ్ళి కూర్చున్నాను.

ఆ లాయరమ్మ చూపించింది 2016 వికలాంగుల హక్కుల చట్టం. అమల్లోకొచ్చింది 2017 ఏప్రిల్ 19న. అందులో సెక్షన్ 13 ఉంది. వికలాంగులకి అందరితో సమానంగా ఆస్తి సొంతం చేసుకునే, వారసత్వంగా పొందే హక్కు, తమ డబ్బు వ్యవహారాలు తామే చూసుకునే హక్కు, బ్యాంకు లోను తీసుకునే హక్కు, చట్టం ముందు సమానమైన మనిషిగా గుర్తింపు, ఇవన్నీ ఉన్నాయి. సాయం చేసేవాళ్ళు ఉండొచ్చు, కానీ ఆ సాయం చేసేవాడికీ ఈవిడకీ ఒక లావాదేవీలో లాభం ఎదురెదురుగా ఉంటే ఆ లావాదేవీ వరకు వాడు తప్పుకోవాలి. రక్తసంబంధం ఉన్నంత మాత్రాన అనుమానించక్కర్లేదని కూడా రాసేరు, కానీ నా కేసులో రక్తం కాదు కదా ఉన్నది, ఎకరం పది సెంట్లు ఉంది. సాయం నచ్చకపోతే మార్చుకోవచ్చు, వద్దనొచ్చు, ఇంకొకరిని పెట్టుకోవచ్చు. ఒత్తిడి చెయ్యకూడదు. సెక్షన్ 14లో పరిమిత గార్డియన్ అని ఉంది, అది కూడా ముందు తగినంత సాయం ఇచ్చి చూసి, అప్పటికీ కుదరకపోతేనే, ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి, ఆ మనిషితో కలిసి నిర్ణయం తీసుకోడానికి. మొత్తం జీవితాన్ని రాసిచ్చేసే గార్డియన్ కాదు. మన దేశం 2007లో ఒప్పుకున్న ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో పన్నెండో ఆర్టికల్ నుంచి వచ్చింది ఇదంతా. 1999 చట్టం ఒక వైపు లాగుతాది, 2016 చట్టం ఇంకో వైపు లాగుతాది, రెండూ ఇంకా ఉన్నాయి, ఆఫీసుల్లో మాత్రం పాతదే తెలుసు.

ఆశ్చర్యం ఏటంటే మన చట్టాల్లో ఇది నిన్న మొన్న మొదలైన సంగతి కాదు. పాత హిందూ ధర్మంలో పుట్టు గుడ్డి, పుట్టు మూగ వాళ్ళకి వాటా ఉండేది కాదు. 1928లో దానికి ఒక చట్టం తెచ్చి చాలావరకు తీసేసేరు, 1956 వారసత్వ చట్టం సెక్షన్ 28లో అయితే జబ్బు, లోపం, అవిటితనం కారణంగా ఎవరి వాటా పోదని క్లియర్‌గా రాసేరు. 1925 వారసత్వ చట్టంలో వీలునామా గురించి చెప్తూ, చెవుడు, మూగ, చూపు లేకపోవడం అడ్డు కాదు, తాను చేస్తున్నది తనకి తెలిస్తే చాలు అన్నారు. బ్రిటిష్ వాడి కాలంలోనే. అప్పటికి మాట్లాడే ఫోన్లు లేవు.

సారుకి అనుమానం రావడం తప్పంటానా అంటే అననండి. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 35లో మతిస్థిమితం లేనట్టు కనపడితే ఆపమని ఉంది, ఆయన ఉద్యోగం అది. కానీ మాట రాకపోవడం మతి లేకపోవడం కాదు కదా. ఇంకో అనుమానం కూడా న్యాయమైందే, ఫోన్లో ఉన్న మాట ఆవిడే రాసిందని ఏంటి నమ్మకం, అన్నదమ్ములు ముందే రాసి పెట్టుంటే? నిజమే, అలాంటి వెధవలు లేకపోలేదు, ఒక రకంగా నేనూ అందులో సగం. అయితే నా బల్ల దగ్గర ఇన్నేళ్ళుగా జరుగుతున్నది ఏటో చెప్పనా. అక్షరం రాని ముసలాయన వస్తాడు, ఆయన చదవలేని నాలుగు పేజీల కాయితం మీద నిశానీ పెట్టిస్తాం, కింద "చదివి వినిపించగా విని సరియని ఒప్పుకుని" అని నేనే రాస్తాను, సాక్షులిద్దరూ టీ తాగడానికి వెళ్ళి ఉంటారు, వచ్చి సంతకం పెడతారు. ఆ నిశానీని ఎవరూ అనుమానించలేదు. ఆయన ఒప్పుకున్నాడని చెప్పింది నా నోరు, అది చెల్లింది. చదవడం, రాయడం వచ్చిన మా అప్ప సొంత మెటికతో కొట్టిన వాక్యం చెల్లలేదు.

ఎం.ఏ. చదివినవాళ్ళు చీటీపాటల అప్పుకి మంచి పొలాన్ని సగం రేటుకి అమ్మేసుకోవడం నా కళ్ళతో చూసేను, ఒక్కరినీ గార్డియన్ని తెమ్మనలేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో ఒక మాట ఉంది, వైద్యం విషయంలో ఒక మనిషి నిర్ణయం పక్కవాళ్ళకి తప్పుగా కనిపించినంత మాత్రాన ఆ మనిషికి నిర్ణయం తీసుకునే శక్తి లేదని కాదు అని. వైద్యానికి రాసిన మాటే గాని పొలానికీ సరిపోతాది.

విడుదల కాయితం చింపేసి భాగపరిష్కారం, అంటే ఎవరి వాటా వాళ్ళకి పంచే కాయితం, రాసేను. ఇక్కడ ఒక తమాషా. డ్రాఫ్టు ముందే అప్పకి ఫోన్లో పంపితే చదువుకుంటాది కదా అని పంపేను, ఫోను పిచ్చి పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు చదువుతోంది. కారణం ఏటంటే మా డీటీపీలన్నీ అనూ ఫాంట్లలో, తెర మీద మనకి తెలుగు కనపడతాది గాని లోపల ఉన్నవి ఇంగ్లీషు గుర్తులే, యూనికోడ్‌లో కొట్టినదైతేనే ఫోను తెలుగుగా చదువుతాది. స్కాన్ చేసిన కాయితం అయితే దానికి ఒట్టి బొమ్మే. మా వీధిలో రిటైరైన మాస్టారొకరున్నారు, షుగర్‌తో చూపు పోయింది, కంప్యూటర్లో తెర మీద ఉన్నది పైకి చదివే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని పేపర్లు చదువుతారు, ఆస్ట్రేలియాలో చూపు లేని ఇద్దరు తయారుచేసేరు దాన్ని, పైసా ఖర్చు లేదు. ఆయన ఎప్పట్నుంచో అంటన్నారు, మీ లేఖరులు పంపే ఫైళ్ళు నాకు గుడ్డివి బాబూ అని. నాకు ఆరోజు అర్థమైంది. మొత్తం యూనికోడ్‌లో మళ్ళీ కొట్టేను, రెండు గంటలు పట్టింది.

అది చదివి అప్ప పంపిన మెసేజీ: "ఉత్తరం దక్షిణం తిరగేసేవు." చూస్తే నిజమే, ఆవిడ ముక్కకి హద్దులు తారుమారు. ఇన్నేళ్ళ సర్వీసు నాది! ఆ హద్దులతో రిజిస్ట్రేషన్ అయ్యుంటే ఆవిడ కొబ్బరి మొక్కలు కాయితం మీద తమ్ముడి ముక్కలోకి వెళ్ళిపోయేవి.

రెండోసారి వెళ్ళినప్పటికి సారు మారేరు. ఈయన కూడా మొదట గార్డియన్ అన్నారు. లాయరమ్మ రాసిచ్చిన సెక్షన్ 13 కాయితం ముందు పెట్టేం, చదువుకుని, సరే మీరిద్దరూ బయటికెళ్ళండి అన్నారు. నన్నూ, తమ్ముణ్ణీ. నేను ఆ ఆఫీసు వరండాలో బయట నిలబడడం అదే మొదటిసారి. లోపల ఆయన ఫోన్లో పాత మాటలన్నీ మూసేయించి ఖాళీ తెర మీద రాయమన్నారంట, మీ వాటాకి తూర్పున ఎవరున్నారు, ఇల్లు ఎందుకు వదులుకుంటున్నారు, ఇది వద్దనుకుంటే ఏం చేస్తారు అని అడిగేరంట. మూడోదానికి అప్ప జవాబు "వద్దనుకుంటే వచ్చేదాన్ని కాదు." మొత్తం పద్నాలుగు నిమిషాలు. వెనకాల లైన్లో ఉన్నవాళ్ళు గొణిగేరు, ఒకాయన నన్నే తిట్టేడు. ఆ ప్రశ్నలూ జవాబులూ ఒక కాయితం మీద రాయించి అప్ప నిశానీ తీసుకుని ఫైల్లో పెట్టేరు. ఇంతే పని. దీనికి కొత్త చట్టం, కొత్త బడ్జెట్, కొత్త జీవో ఏదైనా కావాలా చెప్పండి.

ఆ సారు మంచివారు కాబట్టి అయింది, వేరేవారైతే మూడోసారి తిరిగేవాళ్ళం. అందుకే కలెక్టర్ గారు, రిజిస్ట్రేషన్ శాఖ పెద్దలు ఈ ఉత్తరం చూస్తే ఒకటే అడుగుతున్నాను, ఆ పద్నాలుగు నిమిషాల పద్ధతిని అన్ని ఆఫీసులకీ కాయితం మీద రాసి పంపండి. మనిషి ఏ రకంగా చెప్పగలిగితే ఆ రకంగా చెప్పనివ్వండి, ఫోను, బొమ్మల చార్టు, సైగలు, ఏదైనా. లాభం పొందేవాణ్ణి గదిలోంచి పంపించి అడగండి, ఒకే ప్రశ్న రెండు రకాలుగా అడగండి. సైగల భాష తెలిసిన మనిషి జిల్లాకి ఒకరైనా పిలిస్తే వచ్చేలా ఉండాలి. రాలేని మనిషి ఇంటికి రిజిస్ట్రారే వెళ్ళాలి, లేకపోతే తన తరఫున కమిషన్‌ని పంపాలి అని రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 38లో ఎప్పట్నుంచో ఉంది, అడిగితేనే గాని ఎవరూ చెప్పరు, మేమూ చెప్పం, మంచంతో సహా మోసుకొచ్చినవాళ్ళని చూసేను. ఇక నాతోటి లేఖరులకి, బాబూ, అనూ ఫాంట్లు వదిలేయండి.

అందరి కథా మా అప్ప కథ కాదని తెలుసు. మా వెనక వీధిలో ఒక కుర్రాడున్నాడు, ఇరవై నాలుగేళ్ళు, బుద్ధి ఎదగలేదు, అమ్మని తప్ప ఎవరినీ గుర్తుపట్టడు, డబ్బు అంటే తెలీదు. వాళ్ళమ్మ నన్నడిగింది, మేం పోయేక వీడి పేరున ఉన్న ఇంటిని ఎవరు చూస్తారు అని. ఆవిడకి ఈ సెక్షన్ 13 చదివి వినిపిస్తే ఏం లాభం, ఆవిడకి గార్డియనే కావాలి, దొరకాలి, బేగ దొరకాలి. కానీ ఆ కుర్రాడు కూడా ఇష్టం లేని అన్నం పళ్ళెం తోసేస్తాడు, పెద్దమ్మ ఇంటికి తీసుకెళ్తే నవ్వుతాడు, మావయ్య ఇంటికెళ్తే గుమ్మం దగ్గరే కూలబడిపోతాడు. గార్డియన్ ఎవరో రాసేటప్పుడు ఆ గుమ్మం సంగతి కూడా ఎవరైనా రాసుకోవాలా వద్దా? నేనైతే రాసుకోవాలంటాను.

బ్యాంకుల గురించి రాయకపోతే మా మాస్టారు ఊరుకోరు. చూపు లేనివాళ్ళు ఒప్పందం చేసుకోడానికి అర్హులే, చెక్‌బుక్, ఏటీఎం, లాకర్ అన్నీ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2008లోనే సర్క్యులర్ ఇచ్చింది. అయినా ఆయన్ని చెక్‌బుక్ దేనికండీ, అబ్బాయిని పంపండి అన్నారు ఒకచోట. ఇప్పుడు కొత్తగా ఫోన్లో కేవైసీ అంటే కెమెరా ముందు కళ్ళు ఆర్పమంటాది, ఆయన ఎక్కడ చూడాలో ఆయనకెలా తెలుస్తాది. యాసిడ్ దాడికి గురైన వాళ్ళు, చూపు లేనివాళ్ళు దీని మీదే సుప్రీంకోర్టుకెళ్తే 2025 ఏప్రిల్ 30న తీర్పొచ్చింది, డిజిటల్ సేవలు అందుకోవడం కూడా ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమేనని, కేవైసీ మార్చమని ఇరవై ఆదేశాలు ఇచ్చేరు. ఆ తీర్పు కాపీ మాస్టారు ఎన్‌వీడీఏలో మొత్తం చదివేరు. మేనేజర్ గారు ఇంకా చదవలేదు.

ఈ ఉత్తరం పంపేముందు అప్పకి చూపించేను, యూనికోడ్‌లోనే. ఊరి పేరు తీసేయమంది, తీసేసేను. తను గట్టు మీద మంచమేసుకుని కూర్చున్న మాట ఉంచమంది. ఒకటి మాత్రం నేను రాయడం మర్చిపోయేనని గుర్తుచేసింది: నెల నెలా వచ్చే ఆరువేల పింఛను మిగిల్చి దాచుకున్న డబ్బు ఇప్పటికీ నా పేరు, ఆవిడ పేరు కలిపి ఉన్న అకౌంట్లోనే ఉంది, నా సంతకం లేకపోతే రూపాయి తియ్యలేదు. ఆ జాయింట్ పెట్టించింది కూడా నేనే. సోమవారం ఆవిడ ఒక్కతి పేరున అకౌంట్ తెరవడానికి వెళ్తన్నాం. నేను బయట కూర్చుంటాను.

ఇట్లు
ఒక డాక్యుమెంట్ రైటర్
శ్రీకాకుళం జిల్లా